పేరు పెట్టినవారి చేతిలో పాత్ర: ఫెంటన్ గాజు – సేకర్తలు రాసిన చరిత్ర

వ్యాస సంగ్రహం:
అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, విలియమ్స్‌టౌన్‌లో 1907 నుంచి 2011 వరకు గాజుపాత్రలు చేసిన సంస్థ ఫెంటన్. ఆ పాత్రల చరిత్రను ముందుగా రాసినవారు విశ్వవిద్యాలయాల చరిత్రకారులు కారు, వాటిని సేకరించినవారు. పాత్రలకు పేర్లు పెట్టినదీ, కాలాన్ని నిర్ణయించినదీ, ఏది అసలో ఏది తిరిగి చేసినదో తేల్చినదీ వారే. ఈ చరిత్రకు ఉన్న బలాన్నీ, అది పెట్టిన పేర్ల వల్ల కలిగిన వక్రతనూ పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: గాజుపాత్రలు, ఫెంటన్, కార్నివాల్ గాజు, సేకరణ, నామకరణం, గృహవస్తు చరిత్ర, ఫిరోజాబాద్.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘గాజు’ అంటే పదార్థమూ, చేతికి తొడుక్కునే ఆభరణమూ కూడా. ఇంగ్లీషు నుంచి వచ్చిన ‘గ్లాసు’ మన దగ్గర పదార్థాన్ని వదిలిపెట్టి ఆకారానికి పేరైంది. అందుకే ‘స్టీలు గ్లాసు’ అన్నప్పుడు మనకు ఏ వింతా తోచదు. ‘గాజు గ్లాసు’ అన్నప్పుడూ తోచదు. ఒక వస్తువుకు పేరు ఎక్కడి నుంచి వచ్చింది, వచ్చాక ఏ అర్థాన్ని పట్టుకుని ఏ అర్థాన్ని విడిచింది అన్న ప్రశ్న భాషాశాస్త్రానికి పరిచితమైనదే. అదే ప్రశ్నను గృహవస్తువుల చరిత్రకు వేసినప్పుడు కొన్ని అనూహ్యమైన విషయాలు బయటపడతాయి.

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా గాజు సంపద చాలా ఉంది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరణ దాని పునాది. అటువంటి వస్తువులకు చరిత్ర సులభంగా దొరుకుతుంది. కొన్నవాడు ప్రభువు, చేసినది పేరున్న కార్ఖానా, నిలిపినది ప్రభుత్వం. సాధారణ కుటుంబాలు కొన్నిసెంట్లకు కొని, పండ్లు పెట్టుకుని, కొంత పగలగొట్టుకుని, మిగిలింది అటక మీద పెట్టిన గాజుకు ఆ సౌకర్యం లేదు. దాని చరిత్రను ఎవరో ఒకరు ఇంటింటికీ తిరిగి, పాతసామాను అంగళ్లలో వెతికి, కుప్ప పోసుకోవలసిందే. ఫెంటన్ విషయంలో జరిగింది అదే.

2. ఒహైయో నది ఒడ్డున:

ఫ్రాంక్ ఎల్. ఫెంటన్, అతని సోదరుడు జాన్ డబ్ల్యూ. ఫెంటన్ 1905లో ఒహైయో రాష్ట్రంలోని మార్టిన్స్ ఫెర్రీలో ఒక పాత గాజు కర్మాగార భవనంలో వ్యాపారం ప్రారంభించారు. మొదట వారు గాజు చేయలేదు. ఇతర సంస్థలు చేసిన సాదాపాత్రలను కొని వాటిపై రంగుల చిత్రణ చేసి అమ్మేవారు. ఫ్రాంక్ అంతకుముందు హ్యారీ నార్త్‌వుడ్ అనే ఆంగ్లేయ గాజునిపుణుడి కర్మాగారంలో అలంకరణ పని నేర్చుకున్నవాడు. సాదాపాత్రలు సరఫరా చేసేవారు వెనుకాడటంతో సొంత కొలిమి తప్పనిసరైంది. నది అవతల, మారియెట్టా పట్టణానికి ఎదురుగా ఉన్న విలియమ్స్‌టౌన్‌లో కర్మాగారం కట్టి, 1907 జనవరి 2న తొలి గాజు పోశారు.

ఆ స్థలం ఎంపిక యాదృచ్ఛికం కాదు. ఒహైయో నదీలోయలో సహజవాయువు దొరికేది, సరుకు రవాణాకు నదీ రైలుమార్గమూ ఉండేవి. అన్నిటికీ మించి పని తెలిసిన మనుషులు ఆ ప్రాంతమంతా ఉండేవారు. ఒక కర్మాగారం కాలిపోతేనో దివాలా తీస్తేనో అక్కడి పనివారు పక్క ఊరి కొలిమికి చేరేవారు. ఫెంటన్ తొలి కర్మాగార నిర్వాహకుడు జేకబ్ రోసెంథాల్ అలా వచ్చినవాడే. ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్‌టౌన్‌లో ‘చాక్లెట్ గాజు’ అనే గోధుమరంగు గాజును రూపొందించిన వ్యక్తి ఆయన. అక్కడి కర్మాగారం 1903లో అగ్నిప్రమాదంలో నాశనమైంది. ఒక సంస్థ చరిత్రను ఆ సంస్థ గోడల మధ్యనే రాయడం గాజు విషయంలో కుదరదు. రసాయన మిశ్రమాలు మనుషుల జ్ఞాపకంలో ప్రయాణించేవి.

జాన్ ఎక్కువకాలం ఉండలేదు. 1909లో ఒహైయోలోని మిల్లర్స్‌బర్గ్‌లో వేరే కర్మాగారం పెట్టాడు. రెండేళ్లకే, 1911లో అది దివాలా తీసింది. ఆ రెండేళ్ల సరుకు తక్కువ కాబట్టి నేడు సేకర్తలు తమ్ముడి పాత్రల కంటే అన్న పాత్రలకు సాధారణంగా ఎక్కువ ధర పెడతారు. వ్యాపారంలో ఓడినవాడు సేకరణలో గెలిచాడు.

3. నెమలికంఠపు మెరుపు:

1907 చివరలో ఫెంటన్ ఒక కొత్త సరుకు తెచ్చింది. అచ్చులో నొక్కి తీసిన గాజుపాత్ర ఇంకా వేడిగా ఉన్నప్పుడే దానిపై లోహలవణాల ద్రావణాన్ని చల్లేవారు. ఉపరితలం మీద పలచని పొర ఏర్పడి, వెలుతురు పడ్డ కోణాన్ని బట్టి ఊదా, ఆకుపచ్చ, బంగారు రంగులు మారుతూ కనిపించేవి. మనవారికి దీనిని చెప్పడానికి ఒక్క మాట చాలు: నెమలికంఠం. పడుగు ఒక రంగు, పేక మరో రంగు వేసి నేసిన పట్టుచీరలో కనిపించే మెరుపే అది. తరవాతి కాలంలో అమెరికా పాతవస్తువుల వర్తకులు కొందరు దీనిని ‘టఫెటా గాజు’ అన్నారు. టఫెటా కూడా పట్టుబట్టే కావడం గమనించదగినది.

ఈ మెరుపు కొత్తది కాదు. అమెరికాలో లూయిస్ టిఫనీ, బొహీమియాలో లోట్జ్ సంస్థ 1890లలోనే ఇటువంటి గాజు చేశారు. అయితే అది ఊది చేసిన కళావస్తువు, ధనికుల ఇళ్లకు చేరినది. ఫెంటన్ చేసిన మార్పు ఆ మెరుపును ఇనుప అచ్చుకు జతచేయడం. అచ్చు ఒకసారి చెక్కితే వేల పాత్రలు తీయవచ్చు. మెరుపు చల్లడానికి క్షణాలు చాలు. నార్త్‌వుడ్, ఇంపీరియల్, డూగన్ వంటి సంస్థలు త్వరలోనే అదే దారి పట్టాయి. బట్లర్ బ్రదర్స్ వంటి టోకు వర్తకుల జాబితాల్లో ఈ పాత్రలు రకరకాలుగా కలిపి కట్టిన పెట్టెలుగా, ఒక్కొక్కటి కొన్ని సెంట్ల లెక్కన కనిపిస్తాయి. వాటిని కొన్నది చిన్న ఊళ్ల అంగళ్లవారు. అక్కడి నుంచి అవి మామూలు ఇళ్ల బల్లల మీదికి చేరాయి.

అచ్చు ఒకటే అయినా పాత్ర ఒకటి కాదు. ఒకరు కొలిమి నుంచి ఇనుపకడ్డీకి గాజుముద్ద చుట్టి తెస్తారు, మరొకరు దాన్ని అచ్చులోకి కత్తిరించి నొక్కుతారు. ఇంకొకరు తిరిగి వేడిచేసిన పాత్ర అంచును చెక్క, ఇనుప పనిముట్లతో వంచి, ముడిచి, కుచ్చులు పెడతారు. ఒకే అచ్చులో నొక్కిన ముద్ద గిన్నె కావచ్చు, పళ్లెం కావచ్చు. వేడిగా ఉండగా ఊపి సాగదీస్తే పొడుగాటి పూలకూజా కూడా కావచ్చు. మెరుపు చల్లిన తరవాత సాగదీస్తే ఆ పొర సన్నని గీతలుగా చీలుతుంది. ఆ రకాన్ని ‘స్ట్రెచ్ గాజు’ అంటారు. అంటే యంత్రసరుకుగా కనిపించే ఈ వస్తువుకు చివరి రూపం ఇచ్చేది ఒక మనిషి చేయి. లోహలవణాల ద్రావణం వేడిగాజు మీద పడినప్పుడు లేచే ఆమ్లపు పొగ ఎదుట నిలబడినదీ ఆ మనుషులే. అమ్మకపు జాబితాల్లో వారి ఊసు లేదు.

4. ‘కార్నివాల్’ అన్న పేరు:

ఈ గాజును నేడు ప్రపంచమంతా ‘కార్నివాల్ గాజు’ అంటుంది. చేసినవారు ఆ పేరు వాడలేదు. కొన్నవారూ వాడలేదు. 20వ శతాబ్ది మధ్యలో, మొదటి తరం పాత్రలు పాతబడి అంగళ్లలో తిరిగి కనిపించడం మొదలైనప్పుడు వర్తకులూ సేకర్తలూ ఈ పేరు పెట్టారు. దానికి చెప్పే కారణం ప్రసిద్ధమే: 1920లలో ఈ సరుకుకు గిరాకీ పడిపోయాక మిగిలినదాన్ని సంతల్లో, వినోదప్రదర్శనల్లో బంతి విసిరి గెలిచినవారికి బహుమతులుగా ఇచ్చారని.

ఈ కథలో కొంత నిజం ఉండవచ్చు. చవకగాజు బహుమతిగా ఇవ్వడం ఆ దేశపు సంతల్లో ఉన్న అలవాటే. కాని ఒక వస్తువు జీవితంలో చివరి మజిలీని దాని మొత్తం పేరుగా మార్చడం చరిత్ర దృష్టితో చూస్తే అన్యాయమని నా అభిప్రాయం. 1908 నుంచి దాదాపు పదిహేనేళ్లపాటు టోకు జాబితాలు చూపేది వేరు. అవి పండ్లగిన్నెలు, నీళ్లకూజాలు, వాటికి జత గ్లాసులు, వెన్నగిన్నెలు, చక్కెరగిన్నెలు. ఇల్లు చక్కదిద్దుకునే వ్యక్తి, ఎక్కువగా గృహిణి, డబ్బు లెక్కపెట్టుకుని ఎంచుకుని కొన్న వస్తువులు అవి. ‘కార్నివాల్’ అన్న మాట ఆ ఎంపికను చెరిపి, దాని స్థానంలో సంతలో గెలుచుకున్న ఒక ఆటవస్తువును నిలిపింది. ‘పేదవాడి టిఫనీ’ అన్న మరో మారుపేరు కూడా అంతే. కొన్నవారు టిఫనీకి బదులుగా కొన్నారనడానికి ఆధారం ఉండాలి. వారిలో చాలామంది టిఫనీ గాజును చూసి ఉండకపోవచ్చు కూడా.

పేర్లు పెట్టడంలో సేకర్తలు చేసిన మేలు మరోవైపు ఉంది. కర్మాగారంలో అచ్చుకు ఎక్కువగా సంఖ్యే ఉండేది. 1960లలో మారియన్ హార్టంగ్, రోజ్ ప్రెజ్నిక్ అనే ఇద్దరు మహిళలు వరుసగా పుస్తకాలు ప్రచురించి, గీసిన బొమ్మలతో ఒక్కొక్క అచ్చు రూపాన్ని వర్ణించి, పేర్లను స్థిరపరిచారు. ‘డ్రాగన్ అండ్ లోటస్’, ‘ఆరెంజ్ ట్రీ’, ‘బటర్‌ఫ్లై అండ్ బెర్రీ’ వంటి పేర్లతోనే నేడు ఆ అచ్చులను గుర్తిస్తున్నారు. ఒక ఊరి సేకర్త మరో ఊరి సేకర్తకు ఉత్తరం రాసి తన పాత్రను వర్ణించగలిగింది ఈ ఉమ్మడి పదజాలం వచ్చాకే. 1960ల మధ్య నుంచి సేకర్తల సంఘాలు ఏర్పడ్డాయి. నిఘంటువు పుట్టకముందు వ్యాకరణం సాగదన్నట్లు, ఈ పేర్లు లేకుండా తరవాతి పరిశోధన ఏదీ సాగేది కాదు.

5. గుర్తులేని పాత్ర, గుర్తున్న పాత్ర:

మొదటి అరవై ఏళ్ల ఫెంటన్ పాత్రల మీద సాధారణంగా పోత ముద్ర లేదు. కాగితపు చీటీ అంటించేవారు, కడిగితే పోయేది. నార్త్‌వుడ్ మాత్రం చాలా పాత్రలకు వృత్తంలో గీత గీసిన ‘ఎన్’ అక్షరం అడుగున పోసేవాడు. ఫలితంగా సేకర్తల తొలి పుస్తకాల్లో గుర్తులేని అనేక పాత్రలు పేరున్న నార్త్‌వుడ్ ఖాతాలోకి వెళ్లిపోయాయి. మన సాహిత్యచరిత్రలో కర్తృత్వం తెలియని చాటువులన్నీ ఒకరిద్దరు పేరున్న కవులకు చేరిపోయిన తీరుకూ దీనికీ తేడా లేదు. ఆ పొరపాట్లను సరిదిద్దిన ఆధారాలు రెండు రకాలవి: పాత వ్యాపారపత్రికల ప్రకటనలు, కర్మాగారాల వెనుక పారబోసిన పెంకులు. పెన్సిల్వేనియాలోని ఇండియానా పట్టణంలో తవ్వితీసిన పెంకుల వల్ల నార్త్‌వుడ్‌వి అనుకున్న కొన్ని అచ్చులు డూగన్ సంస్థవని తేలింది.

విలియం హీకాక్ 1978లో ఫెంటన్ తొలి 25 ఏళ్ల మీద వెలువరించిన గ్రంథం ఈ క్రమంలో ప్రధానమైనది. తరవాతి 25 ఏళ్ల మీద 1980లో, మూడవ 25 ఏళ్ల మీద 1989లో సంపుటాలు వచ్చాయి. స్థాపకుడి కుమారుడు ఫ్రాంక్ ఎం. ఫెంటన్ తన సంస్థ పాత జాబితాలనూ జ్ఞాపకాలనూ ఈ పరిశోధకులకు అందుబాటులో ఉంచాడు. తయారీదారూ సేకర్తా ఇలా ఒకే బల్ల వద్ద కూర్చోవడం అరుదు. ప్రయోజనం ఇద్దరికీ ఉంది, చరిత్రకారుడు మరిచిపోకూడని విషయం అది. పాతసరుకు గౌరవం పెరిగితే కొత్తసరుకు అమ్ముడవుతుంది.

ఆ ప్రయోజనం 1970లో బయటపడింది. పాత మెరుపు గాజుకు గిరాకీ పెరగడం చూసి ఫెంటన్ సంస్థే దానిని మళ్లీ చేయడం ప్రారంభించింది. ఒకే సంస్థ, ఒకే ఊరు, కొన్నిచోట్ల అవే పాత అచ్చులు. మరి 1910 పాత్ర అసలు, 1970 పాత్ర నకలు అనడం ఎలా? సేకర్తల ఆందోళనకు సమాధానంగా సంస్థ కొత్త పాత్రల అడుగున అండాకారంలో ‘ఫెంటన్’ అన్న ముద్ర పోసింది. కొన్నేళ్లలో ఆ ముద్ర మిగతా సరుకుకూ వచ్చింది. 1980లలో ముద్ర కింద చిన్న ‘8’ అంకె, 1990లలో ‘9’, 2000 తరవాత ‘0’ చేర్చారు. ఒక వ్యాపారసంస్థ తన వస్తువుల అడుగున దశాబ్దాన్ని రాసిపెట్టిందంటే అది కొనుగోలుదారుడి కోసం కాదు, భవిష్యత్తులో ఆ వస్తువును తిరగేసి చూసే మనిషి కోసం. ఆ ముద్రను అరగదీసి పాతదని అమ్మినవారు కూడా లేకపోలేదు. అందువల్ల అనుభవజ్ఞులు ముద్రతో ఆగరు. అడుగున మెరుపు తగలని చోట వెలుతురుకు పట్టి అసలు గాజు రంగు చూస్తారు, బరువు చూస్తారు, అంచు అరుగుదల చూస్తారు.

6. వంటింటి గాజు:

సేకర్తల పుస్తకాల్లో మెరుపు గాజుకు దక్కిన పుటలు వంటింటి సరుకుకు దక్కలేదు. కాని సంస్థను బతికించినది వంటిల్లే. 1930ల ఆర్థికమాంద్యంలో అనేక గాజు కర్మాగారాలు మూతపడ్డాయి. విద్యుత్ మిక్సర్లకు అమర్చే గిన్నెల వంటి సాదా పనులు కొలిమి ఆరిపోకుండా చూశాయి. 1930ల చివర షికాగోకు చెందిన రిస్లీ అనే పరిమళద్రవ్యాల సంస్థ అత్తరు సీసాలకు పని ఇచ్చింది. ఒళ్లంతా చిన్నచిన్న బొడిపెలు, అంచుల్లో పాలమెరుపు ఉన్న సీసాలు అవి. 1880ల నాటి వీలింగ్ నగరపు హాబ్స్ సంస్థ పాత్రలు ఆ రూపానికి మూలం. సీసా జనానికి నచ్చడంతో ఫెంటన్ అదే బొడిపెల రూపాన్ని ‘హాబ్‌నెయిల్’ పేరుతో, 389 అన్న సంఖ్యతో, తన సొంత జాబితాలోకి తెచ్చింది. హాబ్‌నెయిల్ అంటే మొరటు బూట్ల అడుగున కొట్టే పెద్ద తల మేకు. సున్నితమైన పరిమళం సీసాకు ఆ పేరు!

1950లలో ఇదే రూపాన్ని తెల్లని పాలగాజులో చేశారు. సంస్థ చరిత్రలో అంతగా అమ్ముడైన సరుకు మరొకటి లేదు. పెళ్లికానుకలుగా, పండుగ కానుకలుగా అది లెక్కలేనన్ని ఇళ్లకు చేరింది. ఎక్కువగా దొరుకుతుంది కాబట్టే నేడు దాని ధర తక్కువ. సేకరణవిలువ అరుదుదనాన్ని కొలుస్తుంది. చరిత్రవిలువకు ఆ కొలత పనికిరాదు. ఒక తరం అమెరికా గృహిణులు తమ భోజనబల్ల మీద ఏమి చూడాలనుకున్నారో తెలుసుకోవడానికి ఎర్ర మెరుపుగాజు గిన్నె కంటే ఈ చవక పాలగాజు కూజాయే పెద్ద సాక్ష్యం.

1948లో ఫ్రాంక్ ఎల్. ఫెంటన్ మరణించాక కుమారులు ఫ్రాంక్ ఎం., బిల్ బాధ్యత తీసుకున్నారు. 1952లో అచ్చులకు నాలుగంకెల సంఖ్యలు, రంగులకు రెండక్షరాల సంకేతాలు వచ్చాయి. జాబితా చేతిలో ఉన్నవారికి ఆ తరవాతి పాత్రల గుర్తింపు చాలా తేలికైంది.

7. ‘బర్మీస్’ – ఒక పక్కచూపు:

తెలుగు పాఠకుడిని ఆపే పేరు ఒకటి ఈ జాబితాల్లో ఉంది. అడుగున లేతపసుపు, అంచుకు వచ్చేసరికి గులాబీ రంగు తిరిగే గాజును ‘బర్మీస్’ అంటారు. మసాచుసెట్స్‌లోని న్యూబెడ్‌ఫర్డ్‌లో మౌంట్ వాషింగ్టన్ సంస్థ 1885లో దీనికి పేటెంటు పొందింది. పసుపు యురేనియం వల్ల, గులాబీ బంగారం వల్ల. తిరిగి వేడి తగిలిన భాగమే గులాబీ అవుతుంది. విక్టోరియా రాణి దీన్ని చూసి బర్మా సూర్యాస్తమయాన్ని తలచుకుందన్న కథ వ్యాప్తిలో ఉంది. ఆ రాణి బర్మా వెళ్లనేలేదు. అదే 1885 నవంబరులో బ్రిటిష్ సైన్యం మాండలే చేరి బర్మారాజును పదవి నుంచి దించింది. కళింగాంధ్ర, గోదావరి తీరాల నుంచి ‘రంగం’ పోయి రేవుల్లో, ధాన్యపు మిల్లుల్లో పనిచేసిన తెలుగు కూలీల కథ ఆ పాలనతో ముడిపడినదే. బర్మా అన్న మాట ఒకరికి గాజు రంగైంది, మరొకరికి పొట్టకూటి దారైంది. ఫెంటన్ ఈ గాజును 1970లో పునరుద్ధరించింది.

8. సంతకం:

1960ల చివర లూయీజ్ పైపర్ అనే చిత్రకారిణి చేరాక ఫెంటన్‌లో చేతిచిత్రణ విభాగం తిరిగి ఊపందుకుంది. ఆమె రూపకల్పనలను ఇతర మహిళలు నేర్చుకుని పాత్రల మీద గీసేవారు. గీసినవారు పాత్ర అడుగున తమ పేరు రాసేవారు. 1907 నుంచి అరవై ఏళ్లపాటు అజ్ఞాతంగా ఉన్న చేతులకు ఇలా ఒక మూల చోటు దొరికింది. అయితే ఇది చిత్రకారులకే పరిమితమైంది. కొలిమి ముందు గాజు తీసినవాడు, అంచు వంచినవాడు సంతకం చేసే చోటు సాధారణంగా లేదు. సేకర్తలు ఏ చిత్రకారిణి గీసిన పువ్వు ఏదో పోల్చగలరు. అంచుల కుచ్చులను బట్టి పనివాడిని పోల్చే పద్ధతి మాత్రం పెరగలేదు.

2007 ఆగస్టులో సంస్థ మూతపడుతుందన్న ప్రకటన వెలువడింది. అది వినగానే కొనుగోళ్లు వెల్లువెత్తడంతో మూత వాయిదా పడింది. అభిమానుల కొనుగోళ్లు ఒక కర్మాగారాన్ని నాలుగేళ్లు నిలబెట్టగలవు, అంతకు మించి కష్టం. 2011 జూలైలో కొలుములు ఆర్పివేశారు. తరవాత కర్మాగార భవనాలను కూల్చివేశారు. అచ్చులు కొన్ని ఇతర సంస్థల చేతికి వెళ్లాయి. అంటే 1970 నాటి ప్రశ్న ముగియలేదు. అచ్చు బతికి ఉన్నంతకాలం కొత్త పాత్ర పుడుతూనే ఉంటుంది.

9. ఫిరోజాబాద్ గ్లాసులు:

ఈ మెరుపు గాజు అమెరికాతో ఆగలేదు. ఐరోపాలో, ఆస్ట్రేలియాలో చేశారు. గాజులకు ప్రసిద్ధమైన ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌లో జైన్ గ్లాస్ వర్క్స్ వంటి సంస్థలు 20వ శతాబ్ది మధ్యకాలంలో నారింజరంగు మెరుపుతో నీళ్లగ్లాసులు, పూలకూజాలు చేశాయి. కూజాల్లో చేప ఆకారంవీ, ఏనుగు తల ఉన్నవీ, పూలను పట్టుకున్న చేతి ఆకారంవీ ఉన్నాయి. విదేశీ సేకర్తల కంట పడేంతవరకు వీటిని చరిత్ర వస్తువులుగా ఎవరూ లెక్కించలేదు. వారు గుర్తుపట్టడానికి తోడ్పడినది కొన్నిటి మీద అచ్చులోనే పోసిన ‘జైన్’ అన్న ఇంగ్లీషు అక్షరాలు. గుర్తుపట్టిన వెంటనే వారు చేసిన పని విలియమ్స్‌టౌన్ పాత్రలకు చేసినదే: ఒక్కొక్క రూపానికి ఇంగ్లీషులో పేరు పెట్టి, ‘భారతీయ కార్నివాల్’ అన్న శీర్షిక కింద చేర్చారు. ఈ గ్లాసులను కొన్నవారికి తిరునాళ్ల పందెంలో గెలిచిన జ్ఞాపకమేమీ లేదు. ఇంటికి వచ్చినవారికి మంచినీళ్లు ఇవ్వడానికి బజారులో కొన్నవి అవి.